పొలంలో పాతిన పైపు: సౌర తుఫానును కొలిచే ప్రయత్నం, నా ప్రాజెక్టు డైరీ

2024 మే 19, ఆదివారం

పని మొదలుపెట్టాను కాబట్టి రాసుకోవడం కూడా ఈరోజే మొదలుపెడుతున్నా. పైగా బడికి వేసవి సెలవులు.

మే 10న అక్షయ తృతీయ. ఆ రాత్రి పదిన్నర దాటాక సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా (చార్జ్ ఉన్న కణాల) మేఘాలు ఒకదాని వెనుక ఒకటిగా భూమి అయస్కాంత క్షేత్రానికి తగిలాయి. 2003 తర్వాత ఇంత పెద్ద భూ అయస్కాంత తుఫాను లేదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా దాన్ని జీ5గా ప్రకటించింది, ఆ కొలబద్దలో అంతకు పైన మెట్టు లేదు. లద్దాఖ్‌లోని హన్లేలో కెమెరాలు ఆకాశాన్ని ఎర్రగా చూపించాయి. అమెరికాలో విత్తనాలు వేసే సమయం కావడంతో జీపీఎస్ మీద నడిచే ట్రాక్టర్లు వరస తప్పి, చాలామంది రైతులు పని ఆపుకోవాల్సి వచ్చింది. దీనంతటికీ మూలం 13664 అని నంబరు వేసిన సూర్య మచ్చల గుంపు. దాని వెడల్పులో భూమి లాంటివి పదిహేను దాకా పడతాయి. గ్రహణం అద్దాలు పెట్టుకుని చూస్తే మామూలు కంటికే నల్లగా కనపడింది.

మరి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక పల్లెలో ఉన్నవాళ్లకి ఏం కనపడింది? ఏమీ కనపడలేదు. ఆ వారం క్లాసులో ఉండి ఉంటే పిల్లలు అడిగేవారు: "సార్, అది మన దగ్గరికి రాలేదా?" వచ్చింది. మనం నిలబడ్డ చోట కూడా అయస్కాంత బలం ఆ రాత్రి పడిపోయింది. మాకు దగ్గర్లోనే, చౌటుప్పల్‌లో, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల అయస్కాంత అబ్జర్వేటరీ ఉంది. వాళ్ల పరికరాలకు తెలిసిన ఆ సంగతి మాకూ తెలియాలి, మా పొలంలో మేం కట్టిన పరికరంతోనే తెలియాలి. ప్రాజెక్టు ఇదే.

మే 26

వారమంతా ఏ రకం పరికరం కట్టాలన్న ఆలోచనే. ఇందులో నాకు అర్థమైన విషయం ఈ ప్రాజెక్టుకు వెన్నెముక కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ఇంట్లో చేసుకునే మ్యాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) అనగానే అందరూ చూపించేది సీసా డిజైన్. గాజు సీసాలో సన్నటి దారానికి చిన్న బార్ అయస్కాంతం, దానికి అద్దం ముక్క, అద్దం మీద లేజర్ కిరణం, ఎదుటి గోడ మీద చుక్క. అయస్కాంతం కొంచెం తిరిగితే చుక్క జరుగుతుంది. బ్రిటన్‌లో, స్కాండినేవియాలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 1741లో స్వీడన్‌లోని ఉప్సలాలో శాస్త్రవేత్త సెల్సియస్, అతని సహచరుడు హియోర్టర్ ఆరోరా (ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనపడే రంగుల వెలుగు) వెలిగినప్పుడు దిక్సూచి ముల్లు కదలడాన్ని గమనించింది కూడా ఇలా తిరిగే అయస్కాంతంతోనే. అక్కడ అయనోస్ఫియర్‌లో (వాతావరణంలో చార్జ్ ఉన్న కణాలుండే పై పొర), తల మీద వంద కిలోమీటర్ల ఎత్తులో, ఆరోరాతో పాటు విద్యుత్ ప్రవాహాలు పారుతూ ముల్లును పక్కకు తోస్తాయి.

మన దగ్గర కథ వేరు. మన తుఫానుకు ప్రధాన కారణం రింగ్ కరెంట్. తుఫాను సమయంలో భూమి చుట్టూ, మధ్యరేఖకు పైన, కొన్ని భూవ్యాసార్ధాల దూరంలో చార్జ్ ఉన్న కణాలు చేరతాయి. ప్రోటాన్లు పడమరకు, ఎలక్ట్రాన్లు తూర్పుకు జరుగుతాయి కాబట్టి మొత్తం మీద పడమర వైపు పారే ఒక పెద్ద విద్యుత్ వలయం ఏర్పడుతుంది. భూమి మీద ఆ వలయం పుట్టించే అయస్కాంత బలం దక్షిణానికి ఉంటుంది. భూమి సొంత క్షేత్రం మన దగ్గర ఉత్తరానికి, ఎక్కువ భాగం నేలకు సమాంతరంగా ఉంటుంది. అంటే రెండూ ఎదురెదురు. ఉత్తరానికి లాగే బలం తగ్గుతుంది, అంతే. ముల్లు మాత్రం ఉత్తరం వైపే చూస్తూ ఉంటుంది. ఎంత పెద్ద తుఫానొచ్చినా సీసాలోని అయస్కాంతం పెద్దగా తిరగదు.

కాబట్టి మనం కొలవాల్సింది దిక్కును కాదు, ఉత్తర దిశలో ఉన్న బలాన్ని. శాస్త్రవేత్తలు దీన్ని హెచ్ అంటారు. మా ప్రాంతంలో అది సుమారు 40,000 నానోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం). మధ్యస్థాయి తుఫానులో అందులోంచి వంద పోతుంది, పెద్ద తుఫానులో మూడు, నాలుగు వందలు. నలభై వేలలో వందంటే నాలుగొందల వంతుల్లో ఒకటి. పట్టుకోవాల్సింది ఆ తేడానే.

ఇది తెలిశాక నాకు ఎంత సంతోషం వేసిందో! ఆరోరా ధ్రువాల దగ్గరవాళ్లదైతే, రింగ్ కరెంట్ మనది. తుఫాను ఎంత పెద్దదో చెప్పే డీఎస్‌టీ సూచికను లెక్కగట్టేది కూడా ధ్రువాలకు దూరంగా ఉన్న నాలుగు చోట్ల నుంచే: దక్షిణాఫ్రికాలో హెర్మనస్, జపాన్‌లో కకియోకా, హవాయిలో హొనొలులు, ప్యూర్టోరికోలో శాన్ హువాన్. ఆకాశంలో రంగులు కనపడకపోయినా, తుఫాను బరువును తూచడానికి మనం మంచి చోటే ఉన్నాం.

జూన్ 2

సామాను కొనడం దాదాపు అయిపోయింది.

ఫోన్లలో వాడే రకం చవక కంపాస్ చిప్ నా దగ్గర ముందే ఉంది. దాని ఒక్కో మెట్టు 73 నానోటెస్లా. రోజువారీ మార్పు మొత్తం ఆ ఒక్క మెట్టులోనే మునిగిపోతుంది కాబట్టి దాన్ని పక్కనపెట్టేశా. కొన్నది ఆర్‌ఎం3100. మూడు చిన్న తీగచుట్టలుండే సెన్సర్ ఇది. మామూలు సెట్టింగులో ఒక్కో రీడింగుకు మెట్టు 13 నానోటెస్లా. సెకనుకు చాలాసార్లు చదివి నిమిషానికి ఒక సగటు తీస్తే ఒకటి రెండు నానోటెస్లాల దాకా దిగొచ్చు. అమెరికాలో హామ్ రేడియోవాళ్లు అంతరిక్ష వాతావరణ కేంద్రాలు కట్టుకునేది కూడా దీనితోనే. ధర కొన్ని వేలు. ప్రాజెక్టులో పెద్ద ఖర్చు ఇదే.

దానికి తోడు సెన్సర్‌ను చదవడానికి ఒక ఈఎస్‌పీ32 బోర్డు, సెన్సర్ పక్కనే పెట్టడానికి ఒక ఉష్ణోగ్రత సెన్సర్, పొలం నుంచి ఇంటిదాకా డేటా తెచ్చేందుకు రెండు ఆర్‌ఎస్485 మాడ్యూళ్లు. సెన్సర్ నుంచి బోర్డుకు పోయే తీగ పొట్టిగానే ఉండాలి, మీటరు దాటితే సంకేతం చెడిపోతుంది. అక్కణ్నుంచి ఆర్‌ఎస్485 మీద కిలోమీటరు దాకా తీగైనా పర్వాలేదు.

ఇనుము లేని సామాను వెతకడం మాత్రం ఓపికకు పరీక్ష. దారానికి ఒక బలమైన అయస్కాంతం కట్టి, కొన్న ప్రతి వస్తువునూ దాని దగ్గర పెట్టి చూశా. ఇత్తడి పూత పూసిన ఇనప స్క్రూలను ఇత్తడివని అమ్ముతారు. స్టీలు స్క్రూలు కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. పిన్నులు, చార్జర్ తలలు, ఆఖరికి కొన్ని రెసిస్టర్ల కాళ్లు కూడా లాగబడతాయి. చివరికి నైలాన్ బోల్టులు, నాలుగంగుళాల పీవీసీ పైపు, ఎండ్ క్యాపులు, ఎం-సీల్ దగ్గర స్థిరపడ్డాం.

ఈ జాగ్రత్త కొత్తదేం కాదు. బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ దగ్గరికి ఎలక్ట్రిక్ ట్రాములు వస్తాయని తెలిసి, అయస్కాంత పరికరాల కోసం అలీబాగ్‌లో కొత్త భవనాలు కట్టారు. వాటికి వాడిన రాయిని కూడా అయస్కాంత గుణం లేదని పరీక్షించాకే పోర్‌బందర్ నుంచి తెప్పించారు. 1904 నుంచి 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలిచి, రెండింటికీ లంకె కుదిరాకే కొలాబాను వదిలారు. ఆ ఓపిక వల్లే ఆ రికార్డు తెగకుండా ఇవాళ్టిదాకా వస్తోంది.

జూన్ 9

మృగశిర వచ్చేసింది, నేల ఇంకా మెత్తబడలేదు. ఇంటికీ, బోరుకూ, పక్క బాటకూ దూరంగా, వేపచెట్టు అవతల చోటు చూసుకున్నాం. ఇనప వస్తువు ప్రభావం దూరంతో చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపయితే ప్రభావం ఎనిమిదో వంతే. అందుకే అదనంగా నాలుగడుగులు వేసినా లాభమే.

మీటరు లోతు తవ్వేసరికి గడ్డపారకు రాయి తగిలింది. బాపు వచ్చి చూసి, "ఏందిరా, బోరు పక్కన ఇంకో బోరా?" అన్నాడు. విషయం చెప్పాను. కాసేపు ఆలోచించి, "పైపు నిట్టనిలువుగ ఉండాలె కదా, తూకం పట్టి పెట్టు" అని మేస్త్రీ మట్టగోలు తెచ్చిచ్చాడు. ఆ మట్టగోలు బాడీ అల్యూమినియంది, పనికొచ్చింది.

లోతుగా పాతడానికి కారణం వేడి. సెన్సర్ రీడింగు ఉష్ణోగ్రతతో మారుతుంది. నేలమీద పెడితే పగటి ఎండకే గీత పైకీ కిందికీ పోతుంది, అది సూర్యుడి అయస్కాంత ప్రభావమో ఎండో తేలదు. మీటరు లోతులో పగలూ రాత్రీ తేడా దాదాపు ఉండదు, రుతువుల మార్పు మాత్రం నెమ్మదిగా దిగుతుంది.

పైపును మెల్లగా తిప్పుతూ తూర్పు దిశ రీడింగు సున్నాకు వచ్చేదాకా సరిచేశా. అలా సున్నా వచ్చిందంటే రెండో అక్షం సరిగ్గా అయస్కాంత ఉత్తరాన్ని చూస్తున్నట్టే.

జూన్ 23

క్యాలిబ్రేషన్. సెన్సర్ చెప్పే అంకె నిజమేనా?

పట్నంలో మోటార్ వైండింగ్ షాపుకెళ్లి కాస్త ఎనామిల్ రాగి తీగ తెచ్చా. నలభై సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు ప్లాస్టిక్ రింగులకు పదేసి చుట్లు చుట్టి, రెండింటి మధ్య ఇరవై సెంటీమీటర్ల దూరం ఉండేలా బిగించా. వ్యాసార్ధం ఎంతో దూరమూ అంతే ఉంటే మధ్యలో క్షేత్రం ఏకరీతిగా ఉంటుంది. దీన్నే హెల్మ్‌హోల్ట్జ్ కాయిల్ అంటారు. ఇంటర్ ఫిజిక్స్‌లో సూత్రం రాయించడమే గానీ చేతితో కట్టింది ఇదే మొదటిసారి. దీనిలో ఒక మిల్లీఆంపియర్ పంపితే మధ్యలో 45 నానోటెస్లా రావాలి. ఒక టార్చి సెల్లు, ఒకటిన్నర కిలోఓమ్ రెసిస్టర్, ఒక స్విచ్చు.

ఇదే రకం రెండో సెన్సర్‌ను మధ్యలో పెట్టి, ఇంటి వెనక స్విచ్చు నొక్కుతూ తీస్తూ ఉంటే గ్రాఫ్ మీద చక్కగా చదరపు మెట్లు వచ్చాయి. మెట్టు ఎత్తు లెక్కకు బాగా దగ్గరగా ఉంది. సెల్లును తిప్పి పెడితే మెట్టు కిందికి వచ్చింది. మా మేనకోడలు స్విచ్చు దగ్గర కూర్చుని, "ఇప్పుడు తుఫాను, ఇప్పుడు తుఫాను పోయింది" అంటూ ఆడింది. ఆ ఆట నిజానికి సరిగ్గానే ఉంది. రింగ్ కరెంట్ కూడా ఇలాంటి చుట్టే, కాకపోతే మన భూమి దాని మధ్యలో ఉంటుంది.

జూలై 7

రోజూ కనపడే గుట్ట!

నిమిషం సగటులన్నీ కలిపి ఒక్కో రోజుకు ఒక్కో గీత గీస్తే, ప్రతిరోజూ ఒకే ఆకారం వస్తోంది. రాత్రంతా చదునుగా ఉంటుంది, తెల్లవారాక మెల్లగా పైకి లేస్తుంది, పదకొండు గంటల ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది, సాయంత్రానికి మళ్లీ చదునవుతుంది. ఎత్తు కొన్ని పదుల నానోటెస్లాలు.

ఇది తుఫాను కాదు, ప్రశాంతమైన సూర్యుడి సంతకం. ఎండలోని అతినీల కిరణాలు, ఎక్స్-కిరణాలు వంద కిలోమీటర్ల పైన గాలిని అయనీకరిస్తాయి, అక్కడి గాలులు ఆ అయనీకృత పొరను భూమి అయస్కాంత క్షేత్రంలో తిప్పుతాయి, డైనమోలాగా విద్యుత్ పుడుతుంది. ఆ ప్రవాహపు ప్రభావం పగలు మన దాకా దిగుతుంది. దక్షిణాన తిరునెల్వేలి దగ్గర అయస్కాంత మధ్యరేఖ పోతుంది కాబట్టి అక్కడ ఈ గుట్ట మనకంటే చాలా ఎత్తు. అక్కడ పగటి ప్రవాహం ఒక సన్నటి పట్టీలో దట్టంగా పారుతుంది, దాన్ని ఈక్వెటోరియల్ ఎలక్ట్రోజెట్ అంటారు.

ఇది వేడి వల్ల వస్తున్న గుట్ట కాదని ఎలా చెప్పగలను? నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. ఎండ వేడి మధ్యాహ్నం రెండు, మూడింటికి ఎక్కువవుతుంది, గుట్ట శిఖరం మాత్రం అంతకు చాలా ముందే వస్తోంది. పైపులోని ఉష్ణోగ్రత పగటిపూట చెప్పుకోదగ్గంత కదలడం లేదు. ముసురు పట్టి పొద్దు కనపడని రోజు కూడా గుట్ట అలాగే వచ్చింది. మబ్బులు పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు లోపే ఉంటాయి, ఈ ప్రవాహం వాటికి ఎంతో పైన. మూడు రుజువులూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ముసురు రోజున ఆ గీత చూస్తూ నాకు కలిగిన ఆనందాన్ని మాటల్లో పెట్టలేను. మబ్బుల వెనకున్న సూర్యుడిని ఒక పైపులోంచి చూసినట్టయింది.

జూలై 21

ఊరి శబ్దాల పట్టిక తయారైంది. ఇది లేకపోతే రేపు తుఫాను వచ్చినా నమ్మకంగా చెప్పలేం.

బోరు మోటరు నడిచినంతసేపూ గీత మందంగా మారుతుంది గానీ స్థాయి మారదు. యాభై హెర్ట్జ్ కరెంటు అటూ ఇటూ ఊగుతుంది, సగటు సున్నా. ట్రాక్టరు వస్తే గీతలో మెట్టు పడుతుంది, ఆగి ఉన్నంతసేపూ ఆ మెట్టు ఉంటుంది, పోగానే పాత స్థాయికి వస్తుంది. బైకు దాటితే ఒక ముల్లులా లేచి పడుతుంది. పక్క పొలం పెదనాయన ఇనప నాగలి తెచ్చి వేపచెట్టుకు ఆనించి వెళ్తే రెండు రోజులు గీత పక్కకు జరిగి ఉంది. ఆయన్ను అడిగి జరిపించా. "నీ పైపుకు నా నాగలి తెలుస్తదా?" అని ఆశ్చర్యపోయి, ఆ తర్వాత నుంచి ఆయనే అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. దగ్గరున్న ఇనుము మూడు దిశల్లోనూ, ఒక్కోదానిలో ఒక్కోలా కదిలిస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చేది మా దగ్గర ప్రధానంగా ఉత్తర దిశలోనే కదులుతుంది, రాష్ట్రమంతా ఒకేలా ఉంటుంది. తేడా పట్టుకోవడానికి ఈ రెండు గుర్తులు చాలు.

ఆగస్టు 13

నిన్న జీ4 తుఫాను వచ్చింది. సాయంత్రానికి గీత స్పష్టంగా కుంగుతూ ఉంది. అంతలో గాలివాన, కరెంటు పోయింది, డేటా రాసుకునే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయింది. మిగతా రాత్రి ఖాళీ. బోర్డుకు, ల్యాప్‌టాప్ బదులు పెట్టబోయే చిన్న కంప్యూటర్‌కు పాత ఇన్వర్టర్ బ్యాటరీ తగిలిస్తున్నా.

సెప్టెంబరు 4

ఆగస్టు ఆఖరున మొదలైన వానలు ఖమ్మం, మహబూబాబాద్‌లను ముంచేశాయి. మా దగ్గర అంత నష్టం లేదు. గుంతలో మాత్రం నీరు చేరింది. గీత ఒక్కసారిగా వందల నానోటెస్లాలు ఎగిరి, మూడు దిశల్లోనూ మారి, అక్కడే నిలిచిపోయింది. మూడు దిశలూ మారాయంటే అంతరిక్షం కాదని పైన రాసుకున్న గుర్తే చెప్పింది. వెళ్లి చూస్తే గాలి చొరబడకుండా మూసిన పైపు నీటిలో తేలి, ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల చుక్క నీరు లేదు, ఎం-సీల్ గట్టిగా నిలబడింది.

నీరు తోడేసి, పైపు అడుగున బరువు కోసం కడిగిన ఇసుక సంచి కట్టి, చుట్టూ ఇసుక పోసి దిమ్మిస కొట్టాం. ఇసుక మీద కూడా అయస్కాంతం తిప్పి చూశా. వాగు ఇసుకలో నల్లటి రేణువులు అంటుకుంటాయి, అవి మాగ్నెటైట్. కదలకుండా ఉంటే ఇబ్బంది లేదు. మళ్లీ మట్టగోలు, మళ్లీ తూర్పు సున్నా. పాత రికార్డుకూ కొత్తదానికీ మధ్య ఒక తెంపు ఉంటుంది, ఆ రోజు నుంచి కొత్త ఆధారగీత.

అక్టోబరు 4

నిన్న సాయంత్రం 5:48కి ఎక్స్9.0 ఫ్లేర్, అంటే సూర్యుడి మీద పెద్ద మెరుపు. ఎక్స్ అన్నిటికన్నా బలమైన తరగతి. ఈ 25వ సౌర చక్రంలో (సూర్య మచ్చలు పెరిగి తగ్గే సుమారు పదకొండేళ్ల చుట్టు) ఇప్పటిదాకా వచ్చినవాటిలో పెద్దది. ఫ్లేర్ ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో చేరి పగటి వైపు అయనోస్ఫియర్‌ను ఒక్కసారిగా చిక్కబరుస్తాయి, మధ్యాహ్నం పూటైతే రోజువారీ గుట్ట మీద చిన్న బుడిపె రావచ్చు. మాకు పొద్దు గుంకబోతోంది కాబట్టి గీతలో ఏమీ లేదు. ఆ సమయంలో మధ్యాహ్నపు ఎండ ఆఫ్రికా మీద ఉంది.

ఫ్లేర్ వేరు, తుఫాను వేరు అని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. ఫ్లేర్ వెలుగు, వెలుగు వేగంతో వస్తుంది. తుఫానును తెచ్చేది సీఎంఈ, అంటే సూర్యుడి కరోనా (బయటి వాతావరణం) నుంచి ఊడి వచ్చే అయస్కాంతం నిండిన ప్లాస్మా మేఘం. అది రావడానికి ఒకటి నుంచి మూడు, నాలుగు రోజులు పడుతుంది, అసలు మన వైపు రాకపోవచ్చు కూడా.

అక్టోబరు 9, రాత్రి

ఈ ఉదయం ఏడున్నర ప్రాంతంలో 13848 అనే మచ్చల గుంపు నుంచి ఎక్స్1.8 ఫ్లేర్, దాంతోపాటు వేగంగా ఒక సీఎంఈ. ఆ గుంపు ఇప్పుడు సూర్యబింబం నడిమికి దగ్గర్లో ఉంది, అంటే మనకు ఎదురుగా. నోవా జీ4 హెచ్చరిక ఇచ్చింది. మధ్యాహ్నం బైనాక్యులర్‌తో సూర్యుడి ప్రతిబింబాన్ని తెల్లకాగితం మీద పడేసి, మేనకోడలితో కలిసి మచ్చల బొమ్మ గీశాం. నేరుగా అందులోంచి చూడకూడదని, కాగితం మీదే చూడాలని ముందే గట్టిగా చెప్పాను.

బ్యాటరీ నిండుగా ఉంది. గడియారం సరిచూశా. రేపు సద్దుల బతుకమ్మ.

అక్టోబరు 10, రాత్రి 11 దాటింది

పట్టుకున్నాం.

సాయంత్రమంతా గీత గజిబిజి. చెరువు దగ్గరికి పోయే బండ్లు, డీజే ఉన్న ట్రాలీ, బైకులు. అమ్మా, చెల్లీ బతుకమ్మ ఎత్తుకుని వెళ్లారు. నేను స్క్రీను ముందు కూర్చున్నా. ఎనిమిదింబావు దాటాక, భూమికి సూర్యుడి వైపు పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 బిందువు దగ్గరున్న ఉపగ్రహాల డేటాలో సౌర గాలి (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ప్లాస్మా) వేగం ఒక్కసారిగా ఎగిరింది. మన ఆదిత్య-ఎల్1 తిరుగుతున్నదీ ఆ బిందువు చుట్టే. అక్కణ్నుంచి మన దాకా రావడానికి ఇంకో అరగంట.

ఎనిమిది నలభై ఐదు ప్రాంతంలో గీత పైకి దూకింది. కొన్ని పదుల నానోటెస్లాలు, రెండు మూడు నిమిషాల్లో. పైకి! తుఫానంటే బలం తగ్గాలి కదా అని చెల్లి కొడుకు అడిగాడు. ముందుగా వచ్చేది ఆఘాత తరంగం. అది భూమి అయస్కాంత కవచాన్ని సూర్యుడి వైపు నుంచి గట్టిగా నొక్కుతుంది, నొక్కితే లోపలి క్షేత్రం కాసేపు పెరుగుతుంది. దీన్ని సడన్ కమెన్స్‌మెంట్ అంటారు, ప్రపంచమంతటా దాదాపు ఒకే నిమిషంలో కనపడుతుంది.

బండి ఏదైనా దాటిందేమోనని తూర్పు దిశ, నిలువు దిశ గీతలు చూశా. వాటిలో దాదాపు చలనం లేదు. కదలింది ఉత్తరమే. దూకాక అక్కడే నిలబడింది. ఇది ట్రాలీ కాదు.

అసలు ప్రశ్న ఆ తర్వాతది. మేఘంలోని అయస్కాంత దిశ ఎటు? అది ఉత్తరానికి ఉంటే భూమి క్షేత్రం దాన్ని పక్కకు జారవిడుస్తుంది. దక్షిణానికి తిరిగితే భూమి క్షేత్ర రేఖలతో కలిసిపోతుంది, శక్తి లోపలికి పారుతుంది. ఈ దిశను సూర్యుడి మీద చూసి ముందే నమ్మకంగా చెప్పే పద్ధతి ఇంకా లేదు. ఎల్1 దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. ఈ రాత్రి అది దక్షిణానికి తిరిగింది, బలం 40 నానోటెస్లాలు దాటింది. మామూలు రోజుల్లో ఐదారుంటేనే గొప్ప.

గీత దిగడం మొదలైంది. చెరువు దగ్గర నుంచి "ఉయ్యాలో" పాట ఇంకా వినిపిస్తోంది. నిద్ర వచ్చేలా లేదు.

అక్టోబరు 11, ఉదయం 9

రాత్రంతా దిగుతూనే ఉంది. మధ్యమధ్యలో కాస్త లేచి మళ్లీ దిగింది. రోడ్డు మీద బండ్లు ఆగిపోయాక గీత ఎంత శుభ్రంగా ఉందంటే, ప్రతి వంపూ అంతరిక్షానిదే. తెల్లవారాక ఏడు గంటల ప్రాంతంలో అడుగుకు చేరింది. నిన్నటి ప్రశాంత స్థాయి కంటే సుమారు 300 నానోటెస్లాలు కింద. ప్రపంచ సూచిక డీఎస్‌టీ కూడా మన కాలమానం ప్రకారం ఆ సమయంలోనే అడుక్కి వెళ్లింది, మైనస్ 333. మా అంకె దానికన్నా కొంచెం తక్కువ లోతు చూపించడం సబబే, రింగ్ కరెంట్ భూమి చుట్టూ సమానంగా ఉండదు. సాయంత్రం వైపు దట్టంగా, ఉదయం వైపు పల్చగా ఉంటుంది, మేము ఆ గంటలో ఉదయం వైపున్నాం.

హన్లే నుంచి మళ్లీ ఎర్రటి ఆకాశం ఫొటోలు వచ్చాయి. మా ఊళ్లో ఆకాశం మామూలుగానే ఉంది. అయస్కాంత అక్షాంశం ప్రకారం మేం పది డిగ్రీల లోపే ఉన్నాం, ఇక్కడికి ఆరోరా దిగదు. అయినా మా దగ్గర గీత ఉంది.

బాపు లేచి వచ్చి స్క్రీను చూసి, "ఇదంతా రాత్రి మన మీదికెల్లి పోయిందా?" అని అడిగాడు. అవునన్నా. "మరి మోటరుకేం కాలేదు గద" అన్నాడు. కాలేదు. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో మొత్తం గ్రిడ్ తొంభై సెకన్లలో కూలిపోయి, అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారని చెప్పాను. ధ్రువాల వైపు నేలలో పుట్టే విద్యుత్ అంత బలంగా ఉంటుంది. మన దగ్గర అంత ఉండదు గానీ, మన జీపీఎస్, మన ఉపగ్రహాలు అందరితో పాటే దెబ్బతింటాయి. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు తుఫానుకే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 నష్టపోయాయి.

అక్టోబరు 14

తుఫాను తగ్గుముఖం. మొదట్లో వేగంగా కోలుకుంది, తర్వాత రోజుల తరబడి మెల్లగా. దసరా రోజు జమ్మికి వెళ్లొచ్చి చూసినా ఇంకా పాత స్థాయికి రాలేదు. రింగ్ కరెంట్‌లోని కణాలు తటస్థ హైడ్రోజన్ పరమాణువులతో చార్జ్ మార్చుకుంటూ ఒకటొకటిగా తప్పుకోవాలి, దానికి సమయం పడుతుంది. గుట్టలు మళ్లీ కనపడుతున్నాయి, వాలు నేల మీద నిలబెట్టినట్టు ఒక్కోటి ముందుదానికంటే కాస్త ఎత్తులో.

హైదరాబాద్ అబ్జర్వేటరీ గ్రాఫ్‌తో మా గీతను పక్కపక్కన పెట్టా. 1964 నుంచి అక్కడ రికార్డు ఉంది. దూకిన నిమిషం కలిసింది. పెద్ద వంపులన్నీ కలిశాయి. వాళ్ల గీత దారంలా సన్నం, మాది కాస్త నూగుగా ఉంది. ఆకారం ఒకటే.

నవంబరు 10

దసరా సెలవుల తర్వాత బడిలో ఈ గీతను పెద్ద చార్టు మీద అతికించా. దాని పక్కనే ఇంకో గీత, కొలాబాది, 1859 సెప్టెంబరు 2. ఖగోళ శాస్త్రవేత్త క్యారింగ్టన్ ఇంగ్లండులో సూర్యుడి మీద తెల్లని మెరుపు చూసిన మర్నాడు, బొంబాయిలో ఉత్తర బలం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయింది. మా తుఫానుకు ఐదింతలు. ఆ రోజుల్లో చిప్పులు లేవు. పరికరం ముందు కూర్చున్న మనిషి గంటగంటకూ, అలజడి మొదలయ్యాక ఇంకా తరచుగా, కంటితో చూసి పుస్తకంలో రాశాడు. ప్రపంచంలో ఆ తుఫాను పూర్తి లోతును తక్కువ అక్షాంశాల నుంచి చూపించే రికార్డు అదే. అది మన దేశంలో ఉందంటే మనం ఈ చోటున ఉన్నందుకే. ఆ రాసిన చేతులకు నేను మనసులో దండం పెట్టుకున్నా.

ఇప్పుడు చేస్తున్న పని రెండో పైపు. క్యాలిబ్రేషన్‌కు వాడిన సెన్సర్‌ను మొదటిదానికి దూరంగా, చేను అవతలి గట్టు దగ్గర పాతుతున్నాం. రెండు రీడింగుల తేడా తీస్తే అంతరిక్షం నుంచి వచ్చిన భాగం రెండింటిలోనూ ఒకటే కాబట్టి కొట్టేసుకుపోతుంది, మిగిలేది ట్రాక్టర్లు, నాగళ్లే. వాటిని అలా గుర్తించి ప్రధాన గీతలోంచి తీసేయొచ్చు. గుంత తవ్వడం పూర్తయింది, ఈసారి ఇసుక సంచి ముందే అడుగున పెట్టాం. తీగ లాగడానికి వరి కోతలు అయ్యేదాకా ఆగాలి, గట్టు మీదుగా హార్వెస్టర్ వెళ్లాల్సి ఉంది.

నెలనెలా గీతలను ఇరవై ఏడు రోజుల వరసలుగా పేర్చడం కూడా మొదలుపెట్టా. భూమి నుంచి చూస్తే సూర్యుడు ఒకసారి తిరగడానికి పట్టేది అంతే. ఒకే కరోనల్ హోల్ (కరోనాలో సౌర గాలి వేగంగా బయటికొచ్చే చోటు) మళ్లీ మన వైపు తిరిగినప్పుడు చిన్న కుంగు మళ్లీ రావాలి. ఇప్పటికి ఒక జత అలా కనపడుతోంది, ఇంకో రెండు చుట్లు చూశాకే నమ్ముతా.